బడి పిల్లల ప్రతిభకు పండగ: జూన్ రిజిస్టరు మొదలు ఫిబ్రవరి వేదిక దాకా

ఫిబ్రవరిలో బహుమతుల జాబితా రాయడానికి స్టాఫ్‌రూములో కూర్చుంటే టీచర్లకు గుర్తొచ్చేవి సంక్రాంతి తర్వాత జరిగినవే. ఆగస్టులో మండల స్థాయి ఖోఖోలో గెలిచిన ఎనిమిదో తరగతి పిల్ల పేరు ఎవరికీ తట్టదు. సర్టిఫికెట్టు ఆ పిల్ల ఇంట్లో బీరువాలో ఉంటుంది, లేదంటే పీఈటీ సారు సంచిలో. చివరికి జాబితాలో మిగిలేది తరగతికి ముగ్గురు ర్యాంకర్లు, డ్యాన్సు చేసే పిల్లలు. అందుకే బడి బహుమతుల పండగను షామియానా బేరంతో కాకుండా రిజిస్టరుతో మొదలుపెట్టాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో 300 నుంచి 400 మంది పిల్లలుండే జిల్లా పరిషత్ హైస్కూలును మనసులో పెట్టుకుని కింది లెక్కలు వేశాం. బడి చిన్నదైతే తగ్గించుకోండి, ప్రైవేటు బడైనా పద్ధతి మారదు.

రిజిస్టరు

200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి చాలు. కంప్యూటర్లో పెట్టుకోవచ్చు కదా అంటారు. గది తాళం ఒకరి దగ్గర, పాస్‌వర్డు ఇంకొకరి దగ్గర ఉండే బడిలో నోటుబుక్కే బతుకుతుంది. డిసెంబరు తర్వాత దాన్ని చూసి ఎక్సెల్ షీట్లోకి ఎక్కించుకోండి.

ఎడమ పేజీలో తేదీ, పిల్లల పేరు, అడ్మిషన్ నంబరు, తరగతి రాయండి. కుడి పేజీలో ఏం చేశారు, ఏ స్థాయిలో (బడి, మండలం, జిల్లా, రాష్ట్రం), ఎన్నో స్థానం, వెంట వెళ్లిన టీచరు ఎవరు, సర్టిఫికెట్టు జిరాక్సు తీసుకున్నామా లేదా. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే పని సగమే అయినట్టు. పోటీ నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఉదయం అసెంబ్లీలో పేరు చెప్పి, ఆ రోజే రాసి, జిరాక్సు తీసి అసలు కాగితం పిల్లలకు ఇచ్చేయాలి. శనివారం చివరి పీరియడులో ఒక టీచరు, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చుని వారంలో తప్పిపోయినవి చేరిస్తే మొత్తం పావుగంట పని.

పేరు రాసేటప్పుడే అడ్మిషన్ రిజిస్టరు చూసి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసుకోండి. ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలకు చాలామందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. దాన్ని ఇంటిపేరనుకుని విడదీసి రాస్తే పేరే మారిపోతుంది. ఒకే తరగతిలో ముగ్గురు లావణ్యలు, నలుగురు షేక్ అబ్దుల్‌లు ఉండటమూ మామూలే. వాళ్లను వేరు చేసేది అడ్మిషన్ నంబరొక్కటే.

పదో తరగతి సంగతి వేరు. వాళ్ల ఫలితాలు వచ్చేసరికి బడి విడిచి వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి ఫిబ్రవరి వేదిక మీద పిలవాల్సింది నిరుటి బ్యాచిని. 600కి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు, ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చినవాళ్లు, పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లు అప్పటికి ఇడుపులపాయలోనో ఇంకెక్కడో ఉంటారు. టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజే ఇంటి ఫోను నంబరు రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుంటే తర్వాత వెతుక్కునే పని ఉండదు. పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్ ఎన్‌ఎంఎంఎస్ కూడా అంతే. ఎనిమిదిలో రాసిన పరీక్షకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు స్కాలర్‌షిప్ వస్తుంది. ఫలితం పండగ దాటాక వస్తే వచ్చే ఏటి పుస్తకంలో మొదటి పేజీలో రాసిపెట్టండి.

ఎవరిని పిలవాలి

ర్యాంకులు తప్పవు, ఉండనివ్వండి. తరగతికి ఇద్దరు చాలు. ఆ తర్వాత ఆలోచించాల్సింది మెరుగుదల బహుమతి గురించి. ఇది చాలా బడుల్లో ఉండదు, ఉన్నచోట తప్పుగా లెక్కవేస్తారు. నిరుటి ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) శాతం నుంచి ఈ ఏటి ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) శాతానికి ఎంత పెరిగిందో తీసి, ఎక్కువ పెరిగినవాళ్లకు ఇస్తే న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ 30 నుంచి 50కి ఎగబాకడానికీ, 78 నుంచి 86కు చేరడానికీ కావాల్సిన కష్టం ఒక తీరుది కాదు. ఉత్త తేడా చూస్తే రెండో పిల్లాడు ఎప్పటికీ రాడు. అందుకని నిరుటి మార్కులను బట్టి మూడు వరుసలు చేయండి: 40 లోపు, 40 నుంచి 70, 70 పైన. ఒక్కో వరుసలో ఎక్కువ పెరిగిన ఇద్దరిని తీసుకోండి. తరగతికి ఆరుగురు వస్తారు. వేరే బడి నుంచి కొత్తగా చేరినవాళ్ల పాత మార్కులు దొరక్కపోతే ఏడాది మొదట్లో జరిగే చిన్న పరీక్ష ఎఫ్‌ఏ-1 నుంచి లెక్కపెట్టవచ్చు. ఒక జాగ్రత్త: వేదిక మీద 'నిరుడు 28 శాతం తెచ్చుకున్న' అని చదవకూడదు. పెరిగింది ఎంతో చెప్పండి, ఎక్కడి నుంచి పెరిగిందో చెప్పొద్దు.

నూటికి నూరు శాతం హాజరుకు బహుమతి పెట్టకండి. పెడితే జ్వరంతో, కళ్ల కలకతో కూడా పిల్లలు బడికి వస్తారు. 95 శాతం, ఆ పైన ఉన్నవాళ్లందరికీ ఇవ్వండి. ఫిబ్రవరి మొదటికి 160 రోజులు బడి జరిగి ఉంటే ఎనిమిది రోజులు సెలవు పెట్టినవాళ్లు కూడా అందులోకి వస్తారు.

ఆటల్లో ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్-14, అండర్-17 జట్లలో ఆడినవాళ్లను గెలుపోటములతో పని లేకుండా జిల్లా స్థాయి నుంచి పైవాళ్లందరినీ పిలవాలి. మండల స్థాయిలో గెలిచిన జట్లు చాలు. జట్టును పిలిచేటప్పుడు కెప్టెన్‌ను ఒక్కణ్ణే పైకి రమ్మనడం మన బడుల్లో పాత అలవాటు. పన్నెండు మందినీ ఎక్కించండి, కప్పు ఒకటే ఇచ్చినా సరే.

సైన్సులో బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు వస్తాయని ఊళ్లో చాలామందికి తెలియదు. ఆ పిల్లాడి పేరుతో పాటు వాడు ఏం చేశాడో ఒక వాక్యంలో చెప్పించండి. వచ్చే ఏడు దరఖాస్తులు పెరుగుతాయి.

ఇక లెక్కలకు అందనివి. ఏడాదంతా సమయానికి బెల్లు కొట్టినవాళ్లు, మధ్యాహ్న భోజనం దగ్గర చిన్న తరగతుల పిల్లలకు వడ్డించినవాళ్లు, నడవలేని స్నేహితుడి సంచి రోజూ మోసుకొచ్చినవాళ్లు. ఈ పేర్లు టీచర్లు ఇస్తే ఇష్టులకే పోతాయి. ప్రతి సెక్షనులోనూ చీటీల మీద పిల్లల చేతే రాయించండి. ఎవరి పేరు, ఎందుకు, అంతే. ఎక్కువ చీటీలు వచ్చినవాళ్లను క్లాస్ టీచరు ఒకసారి చూసుకుంటే చాలు.

అన్నీ కలిపితే 120 పేర్లకు మించకూడదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

నాలుగు జట్లు

బడిని నాలుగు హౌస్‌లుగా విడదీసి ఏడాదంతా పాయింట్లు వేయడం ప్రైవేటు బడుల్లో మామూలే, సర్కారు బడిలోనూ పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు. పేర్లకు శేషాద్రి, నీలాద్రి అని ఏడుకొండల్లో నుంచి తీసుకోవడం తిరుపతిలో సహజంగా తోస్తుంది. అన్ని మతాల పిల్లలూ చదివే బడి కాబట్టి ఏరుల పేర్లు మేలు: స్వర్ణముఖి, నీవా, అరణి, కుశస్థలి. అన్నీ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పారేవే, సోషల్ పాఠానికీ పనికొస్తాయి. విడదీసేటప్పుడు సెక్షన్ల వారీగా కాకుండా అడ్మిషన్ నంబరును నాలుగుతో భాగించి మిగిలే శేషాన్ని బట్టి వేయండి. సిఫార్సులకు చోటుండదు. అక్కాచెల్లెళ్లు వేరు వేరు జట్లలో పడితే ఇంట్లో కాస్త పోట్లాట తప్పదు, అది మంచిదే.

వేల్స్ బడుల పద్ధతి ఒకటి

బ్రిటన్‌లోని వేల్స్‌లో హైస్కూళ్లు ఏటా ఐస్టెద్‌వడ్ అనే పండగ చేస్తాయి. చాలా బడుల్లో అది మార్చి 1న, వాళ్ల దేశపు సాధువు డేవిడ్ పేరిట వచ్చే రోజున, లేదా దాని చుట్టుపక్కల జరుగుతుంది. హౌస్‌ల మధ్య పాట, పద్యపఠనం, జానపద నృత్యం, రచన, చిత్రకళల్లో పోటీలు పెడతారు. 1176లో కార్డిగన్ కోటలో రిస్ ప్రభువు కవులకూ సంగీతకారులకూ పెట్టిన పోటీని ఈ సంప్రదాయానికి మొదలుగా చెప్పుకుంటారు. 1922లో పుట్టిన ఊర్ద్ అనే యువజన సంస్థ 1929 నుంచి పిల్లల కోసమే దేశస్థాయిలో ఐస్టెద్‌వడ్ నడుపుతోంది.

అందులో మనం తెచ్చుకోదగ్గది కుర్చీ వేడుక. రచన పోటీలో గెలిచిన కవికి బహుమతి ఒక చెక్క కుర్చీ. రాసినవాళ్లు అసలు పేరు పెట్టరు, మారుపేరుతో ఇస్తారు. వేదిక మీద న్యాయనిర్ణేత రచన గురించి మాట్లాడి గెలిచిన మారుపేరు చెబుతారు. బాకా మోగగానే ఆ పేరు ఎవరిదో వాళ్లు సభలో లేచి నిలబడతారు. అంతవరకూ పక్కన కూర్చున్న స్నేహితులకు కూడా తెలియదు. తర్వాత వాళ్లను వేదిక మీదికి తీసుకొచ్చి, తలపై కత్తిని సగం ఒరలోంచి లాగి పట్టుకుని 'శాంతి ఉందా?' అని మూడుసార్లు అడుగుతారు. సభంతా 'శాంతి' అని గట్టిగా బదులిచ్చాక కుర్చీలో కూర్చోబెడతారు.

మన బడిలో ఇలా చేయండి. సంక్రాంతి సెలవులకు ముందే అంశం చెప్పి, మూడు వారాల గడువు ఇవ్వండి. కథ, కవిత, పద్యం ఏదైనా సరే, రెండు పేజీలు దాటకూడదు. రచన మీద మారుపేరు ఒక్కటే ఉండాలి. దానితో పాటు అంటించిన కవరు ఒకటి: పైన మారుపేరు, లోపల కాగితం మీద అసలు పేరు, తరగతి. రెండూ హెచ్‌ఎం గది ముందు పెట్టెలో వేస్తారు. తెలుగు టీచరు చూస్తే చేతిరాత పట్టేస్తారు కాబట్టి న్యాయనిర్ణేత వేరే మండలం బడి నుంచి రావాలి. ఇంటర్నెట్‌లోంచి ఎత్తి రాసినవి ఎన్నో వస్తాయి, అంశం ఎంత ఊరిదైతే అంత తగ్గుతాయి. 'అమ్మ ప్రేమ' అని ఇస్తే యాభై ఒకేలా వస్తాయి. 'మా వీధి కుళాయి', 'తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి పోయే రోజు', 'గంగజాతరలో నేను వేసిన వేషం' అని ఇచ్చి చూడండి.

గెలిచిన మారుపేరు తేలాక ఆ ఒక్క కవరును ముందు రోజు సాయంత్రం హెచ్‌ఎం ఒక్కరే విప్పాలి. విప్పి, ఆ బిడ్డా తల్లిదండ్రులూ కార్యక్రమానికి తప్పకుండా వచ్చేలా వేరే ఏదో పని మీద కబురు పెట్టాలి. ఈ పని చేయకపోతే పేరు పిలిచినప్పుడు ఎవరూ లేవరు. 1917లో బర్కెన్‌హెడ్‌లో జరిగిన జాతీయ ఐస్టెద్‌వడ్‌లో అచ్చం అలాగే జరిగింది. గెలిచిన హెద్ విన్ అనే కవి అంతకు కొన్ని వారాల ముందే, జూలై 31న, యుద్ధంలో చనిపోయాడు. ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. మన దగ్గర లేవకపోవడానికి కారణం మామూలుగా ఇంకోటి: బిడ్డ చెరకు కోతకు పోయిన అమ్మతో పాటు వెళ్లి ఉంటుంది.

బాకాకు బదులు పలకలు (డప్పులు) వాయించవచ్చు. ప్రతి ఊళ్లోనూ వాయించేవాళ్లున్నారు, బడిలోనే వాళ్ల పిల్లలుంటారు. కత్తి మనకు వద్దు. కుర్చీ కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క పని చేసేవాళ్లు చిన్న పీట మీద బడి పేరు, సంవత్సరం చెక్కి ఇస్తారు. నెల ముందు చెప్పాలి. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్కకు ఫ్రేము కట్టించినా బాగుంటుంది.

తేదీ

నవంబరు 14న ఆరుబయట పెట్టుకోవద్దు. ఈశాన్య రుతుపవనం ఈ రెండు జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు కుమ్మరిస్తుందో చెప్పలేం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి తెలిసిందే. మార్చిలో పదో తరగతి పరీక్షలు. మిగిలేది జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నడిమి దాకా. అందులోనూ రథసప్తమి రోజు తిరుపతిలో వద్దు, బస్సులూ దొరకవు, పోలీసు బందోబస్తూ దొరకదు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల బడులు మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు అటూ ఇటూ తప్పించుకోవాలి. శనివారం సాయంత్రం అయితే ట్రిపుల్ ఐటీ పిల్లలకు, కూలికి పోయే తల్లిదండ్రులకు కాస్త వీలు. మూడున్నరకు పిల్లలు చేసినవాటి ప్రదర్శన, నాలుగున్నరకు బహుమతులు, ఆరుకు ఆటపాటలు, ఎనిమిదికి జనగణమన. ఊళ్లకు పోయే ఆఖరు బస్సు ఎన్నింటికో కనుక్కుని దానికి అరగంట ముందు ముగించాలి.

సర్టిఫికెట్లు, బహుమతులు

300 జీఎస్‌ఎం కార్డు మీద ఏ4 సైజు, అడ్డంగా. 120 కావాలంటే 135 అచ్చు వేయించండి. పదిహేను ఖాళీవి చేతిరాతకు. 'విద్యార్థి/విద్యార్థిని' అని గీత పెట్టి ఒకటే నమూనా వాడితే కొట్టివేతలతో అసహ్యంగా ఉంటుంది. రెండు నమూనాలు చేయించండి. 'ప్రతిభ కనబరచినందుకు' అనే వట్టి మాట వద్దు. ఇలా రాయించండి: '2025 ఆగస్టులో మండల స్థాయి ఖోఖో పోటీలో మొదటి స్థానం పొందిన బడి జట్టులో ఆడినందుకు'. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కాగితం బయటికి తీసినా ఎందుకిచ్చారో తెలియాలి.

పేర్ల జాబితాను యూనికోడ్‌లో టైపు చేసి డీటీపీ సెంటరుకు ఇస్తే వాళ్లు తమ పాత ఫాంటులోకి మార్చుకునేటప్పుడు వత్తులు చెదురుతాయి. లక్ష్మి, కృష్ణ, జ్యోత్స్న లాంటి పేర్లు ఎక్కువ చెడతాయి. కాబట్టి మీరిచ్చిన జాబితాను చూసి సరేననుకోవద్దు, మారిన తర్వాతి ప్రూఫు కాగితం తెప్పించి సెక్షన్లలో తిప్పండి. ఎవరి పేరు పక్కన వాళ్లే సంతకం పెడతారు. తప్పులు అక్కడే తేలిపోతాయి.

బహుమతికి స్టీలు గ్లాసు కంటే పుస్తకం, నిఘంటువు, జామెట్రీ బాక్సు, ఆటల పిల్లలకు స్కిప్పింగ్ తాడో బంతో మేలు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ మెమెంటో వేసవి ఎండకే వెలిసిపోతుంది. డబ్బు ఇస్తామని దాతలు ముందుకొస్తే వాళ్ల పెద్దల పేరిట శాశ్వత బహుమతి పెట్టమనండి. 25,000 రూపాయలు బడి పేరుతో బ్యాంకులో డిపాజిట్ చేస్తే 6 శాతం వడ్డీ లెక్కన ఏటా 1,500 వస్తుంది, లెక్కల్లో మొదటి వచ్చినవాళ్లకు అది చాలు. పిల్లల దగ్గర మాత్రం తలా ఇంత అని వసూలు చేయొద్దు. ఇవ్వలేని బిడ్డ ఆ రోజు బడికే రాడు.

వేదిక మీద లెక్క

ఒక పేరు పిలిచి, బిడ్డ మెట్లెక్కి, కాగితం తీసుకుని, ఫోటోకు నిలబడి, దిగడానికి పద్ధతి లేకపోతే నిమిషం. 120 మందికి రెండు గంటలు. అదే వరుస కట్టిస్తే 25 సెకన్లు, మొత్తం 50 నిమిషాలు. తేడా అంతా కింద నిలబెట్టడంలో ఉంది.

ముందు రోజే ప్రతి బహుమతికీ వరుస నంబరు చీటీ అంటించి, బల్ల మీద ఎడమ నుంచి కుడికి 1 నుంచి 120 దాకా పేర్చండి. సర్టిఫికెట్లూ అదే వరుసలో, పదేసి కట్టలుగా. ఇచ్చే పిల్లలు ఇద్దరు: ఒకరు బహుమతి అందిస్తే ఇంకొకరు కాగితం. వేదికకు ఎడమ పక్క మెట్ల దగ్గర ఎప్పుడూ ఐదుగురు నిలబడి ఉండాలి, వాళ్ల వెనక పది మంది బెంచీల మీద. ఒక టీచరు జాబితా పట్టుకుని ఆ పదిహేను మందినే చూసుకుంటారు, ఇంకే పనీ ఉండదు. దిగేది కుడి పక్క నుంచి. రెండు పక్కలా మెట్లు లేకపోతే బెంచీ ఒకటి వేయండి, లేదంటే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఢీకొంటారు. విడివిడి ఫోటోలు వద్దు. పదిమంది అవ్వగానే వేదిక ముందు నేల మీద నిలబెట్టి ఒకటి తీయండి, అంతలో పైన తర్వాతి పేరు నడుస్తుంటుంది.

పేరు చదివేవాళ్లు రెండు రోజుల ముందు జాబితాను పైకి చదివి చూసుకోవాలి. పేరు, తరగతి, చేసిన పని. 'చప్పట్లు, చప్పట్లు' అని మైకులో అరవక్కర్లేదు.

బహుమతులు ముందు, డ్యాన్సులు తర్వాత. తిరగేస్తే ఆటపాటలు చూసి జనం లేచి వెళ్లిపోతారు, ఖాళీ కుర్చీల ముందు పిల్లలు బహుమతులు తీసుకుంటారు. ఇందులో ఒక చిక్కుంది: మేకప్ గదిలో ఉన్న పిల్లల పేర్లు వచ్చినప్పుడు పలికేవాళ్లుండరు. బహుమతి ఉన్న పిల్లల డ్యాన్సును చివరి సగంలో వేసి, వాళ్లకు మేకప్ బహుమతులు అయ్యాక పెట్టండి.

ఆటపాటలు

పన్నెండు అంశాలు, ఒక్కోటి మూడున్నర నిమిషాలు, మధ్యలో నిమిషం. మొత్తం గంటకు కాస్త తక్కువ. నాటకం ఒకటుంటే ఇంకో పావుగంట. సినిమా పాటలు వద్దనలేం, మాటలు మాత్రం ఇద్దరు టీచర్లు ముందే విని ఒప్పుకోవాలి. ఆరో తరగతి పిల్లల చేత ఆడించకూడని పాటలు ప్రతి ఏడూ ఎవరో ఒకరు తెస్తారు.

కోలాటాన్ని వేదిక మీద ఆడించొద్దు. పదహారు మంది మూడేసి అడుగుల ఎడంతో గుండ్రంగా నిలబడితే చుట్టుకొలత 48 అడుగులు, అడ్డం 15 అడుగులకు పైనే. కర్రలు తిప్పడానికి చుట్టూ ఇంకో మూడడుగులు. అంటే 21 అడుగుల చదరం కావాలి, బడి వేదికలు అంత లోతుండవు. మైదానంలో సున్నంతో గిరి గీసి, జనాన్ని మూడు పక్కలా కూర్చోబెట్టండి. చెక్కభజన, పండరి భజన కూడా నేల మీదే అందం.

పద్యం నేర్పేవాళ్లు లేరని అనుకోవద్దు. ఈ జిల్లాల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకు పగలు భారతం హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. దుర్యోధన వధ రోజు మిట్ట మీద మట్టి బొమ్మ ముందు ఆడే నటులు మీ పక్క ఊరివాళ్లే అయ్యుంటారు. ఒకరిని మూడు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు పిలిస్తే ఐదుగురు పిల్లలకు పది పద్యాలు గొంతులో పెడతారు. వాళ్లకు దారి ఖర్చులు, ఆ రోజు వేదిక మీద శాలువా ఇవ్వడం మరవొద్దు. శాలువా నిజంగా కప్పాల్సింది వాళ్లకే.

అతిథులు, ఫ్లెక్సీ

ప్రసంగాలు మూడు, ఒక్కోటి ఐదు నిమిషాలు. హెచ్‌ఎం నివేదికతో కలిపి ఇరవై నిమిషాలు దాటకూడదు. ప్రతి అతిథికీ శాలువా, దండ, మెమెంటో అంటూ పోతే పది మందికి అరగంట పోతుంది, ఆ అరగంట పిల్లలది. ఒక్కో మొక్క చేతికిచ్చి కూర్చోబెట్టండి. బహుమతులు ఇచ్చే పనిని పదేసి పేర్లకు ఒకరి చొప్పున పంచితే అందరికీ మర్యాద దక్కుతుంది, ఎవరికీ మైకు అక్కర్లేదు.

ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దది, ఎవరిది చిన్నది అన్న తగాదా కార్యక్రమాన్నే ఆపేయగలదు. బడి పేరు, తేదీ, పిల్లలు గీసిన బొమ్మ, అంతే పెట్టండి. అతిథుల పేర్లు ఆహ్వాన పత్రికలో, ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో అడిగిన ప్రోటోకాల్ వరుసలో. ఎన్నికల కోడ్ నడుస్తుంటే రాజకీయ నాయకులను పిలవకండి.

మైకు, కరెంటు, నీళ్లు, గుగ్గిళ్లు

తరగతి గదిలో ఉండే 5 ఆంపియర్ల ప్లగ్గు 1,150 వాట్లకు మించి మోయదు. సౌండుకు, లైట్లకు కలిపి దాన్నే వాడితే సరిగ్గా మొదటి డ్యాన్సు మధ్యలో ఫ్యూజు ఎగిరిపోతుంది. సౌండుకు 15 ఆంపియర్ల లైను వేరుగా, లైట్లకు వేరుగా ఎలక్ట్రీషియన్‌తో ముందు రోజే లాగించండి. మైకులు స్పీకర్ల వెనక ఉండాలి, ముందుంటే కీచుమంటాయి. పాటలు పెన్‌డ్రైవ్‌లో 01, 02 అని నంబర్లతో, ఇంకో కాపీ ఫోనులో. ఆ ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో లేకపోతే కోలాటం మధ్యలో ఎవరిదో రింగుటోను ఊరంతా వింటుంది.

పిల్లలు, పెద్దలు కలిసి 600 మంది వస్తే మనిషికి అర లీటరు చొప్పున 300 లీటర్ల నీళ్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పదిహేను. పిల్లలకు శనగ గుగ్గిళ్లు చాలు. 400 మందికి 60 గ్రాముల చొప్పున ఉడికినవి 24 కిలోలు కావాలి. కిలో శనగలు నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోలకు పైనే అవుతాయి కాబట్టి 12 కిలోలు ముందు రాత్రే నానబోయాలి. ఉదయం నానబోస్తే గింజ గట్టిగా ఉండిపోతుంది. తాలింపులో కొబ్బరి చివర్లో, పంచే ముందు కలపండి. మధ్యాహ్నమే కలిపితే సాయంత్రానికి వాసన వస్తుంది.

ఫోటోలు

అడ్మిషన్ సమయంలోనే తల్లిదండ్రుల దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకోండి: ఫోటో బడి గోడ మీద పెట్టవచ్చా, వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా, పత్రికకు ఇవ్వవచ్చా, మూడూ వేరు వేరుగా. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఫోటో కింద పేరు, తరగతి చాలు. ఊరు, తండ్రి పేరు, ఫోను నంబరు ఎప్పుడూ వద్దు. సంతకం పెట్టనివాళ్ల పేర్లు ఫోటోగ్రాఫరుకు కాకుండా వరుస చూసే టీచరుకు ఇవ్వండి. గ్రూపు ఫోటో సమయానికి వాళ్లను పక్కకు తప్పించేది ఆయనే.

సోమవారం

రాని పిల్లల సర్టిఫికెట్లు పదో పదిహేనో మిగులుతాయి. హెచ్‌ఎం బల్ల సొరుగులో పెడితే మార్చి దాటాక అవి దొరకవు. సోమవారం అసెంబ్లీలో పేరు చదివి ఇవ్వండి. ఆ రోజు కూడా రానివాళ్ల ఇళ్లకు అదే వీధి నుంచి వచ్చే క్లాసువాళ్లతో పంపి, రిజిస్టరులో 'చేరింది' అని రాయించుకోండి. గెలిచిన రచన అచ్చు తీసి లైబ్రరీ తలుపు మీద అంటించండి. గెలవని రచనల కవర్లను విప్పకుండానే వాటి మారుపేర్లు నోటీసుబోర్డులో పెడితే వాళ్లే వచ్చి తీసుకుంటారు. ఖర్చుల రసీదులు అదే వారంలో పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టి తీర్మానం రాయించండి. ఈ ఏడు మిగిలిన ఖాళీ కార్డులు తడి తగలని చోట దాచి, అవి ఎన్నున్నాయో రిజిస్టరు చివరి పేజీలో రాసిపెట్టండి. జూన్‌లో కొత్త పుస్తకం తెరిచేవాళ్లు అక్కడి నుంచే లెక్క మొదలుపెడతారు.